ఉల్లిగడ్డ ఓడ మీద బోణీ

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే మా అబ్బాయి దుకాణం షట్టరు ఎత్తి, నన్ను గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టి గోదాముకు వెళ్లాడు. పాల ప్యాకెట్టు కోసం వచ్చిన టీచరమ్మ తన ఫోనును గోడకు అంటించిన గళ్ల కాగితానికి చూపించింది. గల్లా పక్కన కొత్తగా వచ్చి చేరిన చిన్న డబ్బా, ఎవరో గిల్లినట్టు ఉలిక్కిపడి, ఇన్ని రూపాయలు ముట్టాయని బజారంతా వినేలా చెప్పింది. బేరం అయిపోయింది. నా రెండు చేతులు మాత్రం వాటంతటవే లేచి కళ్ల దాకా వెళ్లాయి. వెళ్లాక చూసుకుంటే వాటిలో ఏమీ లేదు. టీచరమ్మ జాలిపడి, "కండ్లు మండుతున్నయా తాతా? మందు చుక్కలు ఏసుకోరాదు?" అని బడికి వెళ్లిపోయింది.

దుకాణాల మధ్య పుట్టి పెరిగిన నా ఈడు వాళ్లకు ఆ చేతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. జగిత్యాలలో మా వీధిలో ఇల్లు ఎక్కడ అయిపోయి దుకాణం ఎక్కడ మొదలయ్యేదో మాకే సరిగ్గా తెలిసేది కాదు. పొద్దున వచ్చిన మొదటి గిరాకీని ఒట్టి చేతులతో పంపకూడదు, వాళ్లిచ్చిన మొదటి పైసను కళ్లకద్దుకోకుండా గల్లాలో వేయకూడదు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. ఆవులింత వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎవరు నేర్పారు గనక? అయితే ఈ అలవాటు ఒకసారి నన్ను రెండు దేశాల యుద్ధనౌకల మధ్య నిలబెట్టి, నా ఒమాన్ అన్నానికే ఎసరు పెట్టింది. అది తలుచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది గానీ, ఆ రోజు మాత్రం రాలేదు.

ఎనభైల చివర్లో మా వైపు నుంచి అందరూ వెళ్లినట్టే నేనూ కన్‌స్ట్రక్షన్ వీసా మీద వెళ్లి, బహ్లా అనే ఊళ్లో ఒక సైట్ మీద ఇసుక మోశాను. ఇసుక మోయడంలో నేను ఎంత దండగమారివాణ్ణో మా ఫోర్‌మన్ రోజూ పదిమందికీ చెప్పేవాడు. నాకు వచ్చిందల్లా బేరం ఒక్కటే. క్యాంపు వంటకు సరుకులు కొనడానికి నన్ను మస్కట్ పంపితే, అక్కడి రేవు పక్కన మత్రా బజారులో ఒక సేఠ్ దుకాణంలో ఉల్లిగడ్డ సంచి దగ్గర గంటసేపు బేరమాడి, చివరికి ఆయన చేతనే చాయ్ తెప్పించుకుని తాగాను. సేఠ్ తాతల కాలంలో కచ్ నుంచి తెరచాప పడవ మీద వచ్చి ఆ బజారులో పాతుకుపోయిన కుటుంబం వాడు. నా వాలకం చూసి, ఇలాంటివాడు ఎదుటి పక్క ఉండటం కంటే తన పక్క ఉండటమే లాభమని లెక్కవేసుకుని, మా కంపెనీతో మాట్లాడి రిలీజు కాగితం తెప్పించి నన్ను పనిలో పెట్టుకున్నాడు. అలా నేను వాడీ కబీర్ అనే పేటలో నలుగురితో కలిసి ఒక రూమ్‌లో చేరి, రోజూ పొద్దున్నే మత్రా బజారుకు డ్యూటీకి వెళ్లే పెద్దమనిషినయ్యాను.

సేఠ్ వ్యాపారం రేవుకొచ్చే ఓడలకు కూరగాయలు, మాంసం, గుడ్లు, పెరుగు సరఫరా చేయడం. గల్ఫ్ నీళ్లలో అప్పట్లో గొడవలు ఎక్కువ కావడంతో సరుకుల ఓడలతో పాటు యుద్ధనౌకలూ నీళ్లకీ, కూరలకీ, నావికుల కాళ్లు నేల తగలడానికీ మత్రా రేవుకు వస్తుండేవి. పరాయి ఓడలు ఆ తీరానికి కొత్త కాదు. ఎప్పుడో సముద్రం మీద వచ్చి ఏలిపోయిన పోర్చుగీసువాళ్లు కట్టిన కోటలు కొండల మీద ఇంకా నిలబడే ఉన్నాయి. పాత మస్కట్ వైపు రేవు చుట్టూ ఉన్న రాళ్ల మీద వచ్చిపోయిన ఓడల వాళ్లు తమ ఓడల పేర్లు తెల్లరంగుతో రాసిపోయారు. మా సేఠ్ ఆ రాళ్లను చూపించి, అన్ని పేర్లున్నా ఏ పేరూ ఇంకో పేరు మీద పడకుండా చూసుకోవడమే ఈ ఊరి గొప్పతనమని చెప్పేవాడు.

ఆ గొప్పతనం కాపాడే పని రేవు ఆఫీసులోని ముదీర్‌ది. ముదీర్ అంటే అక్కడ పెద్ద ఆఫీసరు. పొగడ్తగా చెప్పడం కాదు, ఆయన చేతిలో నేర్పు ఉండేది. ఒకరికొకరు మొహాలు చూసుకోని దేశాల ఓడలు ఒకే వారంలో దిగితే, అలిగిన అల్లుళ్లిద్దరిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించే అత్తగారిలా ఆయన అన్నీ కొలిచి చేసేవాడు. ఒక ఓడ మీద విందుకు ఎంతమంది పెద్దలు వెళితే రెండో ఓడ విందుకూ అంతమందే. ఒకరికి రెండు నీళ్ల లారీలు పోతే రెండోవాళ్లకూ రెండే. మాలాంటి సరఫరా దుకాణాల వాళ్లకు కూడా ముందే పిలిచి చెప్పేవారు: దుకాణం ముందు ఏ జెండా కట్టొద్దు, ఒకరి మాట ఇంకొకరి దగ్గర ఎత్తొద్దు. ఈ గొడవంతా ఎందుకని మా సేఠ్ దేశాల పేర్లే పలకనిచ్చేవాడు కాదు. ఏ ఓడ ఏది ఎక్కువ అడిగితే దాని పేరే ఓడకు. నేను చెప్పబోయే రెండిటినీ కూడా అందుకే ఉల్లిగడ్డ ఓడ, ఆలుగడ్డ ఓడ అనే అంటాను. ఇన్నేళ్ల తర్వాత దేశాల పేర్లు బయటపెట్టి సేఠ్ నియమం చెడగొట్టడం నాకిష్టం లేదు.

తొంభైల మొదట్లో ఒక చలికాలం, ఆ రెండూ రేవులో ఎదురెదురు గట్లకు వచ్చి ఆగాయి. పొద్దున ఆరున్నరకు, దుకాణం తెరవకముందే, ఉల్లిగడ్డ ఓడ నుంచి నాకు పిలుపు వచ్చింది. మామూలుగా సరుకుల జాబితా దుకాణానికే వచ్చేది గానీ, ఆ ఓడ సరుకుల ఆఫీసరు నన్ను డెక్కు మీదికి రమ్మని, టమాటాలు మెత్తబడితే తీసుకోనని వేలు చూపించి మరీ చెప్పి, సంతకం పెట్టిన జాబితా నా చేతిలో పెట్టాడు. కాగితం పైన బంగారు రంగులో ఆ ఓడ ముద్ర. నా నెత్తిన ఆ దేశం జెండా రెపరెపలాడుతోంది. ఆ రోజుకు అదే మొదటి గిరాకీ. ఇక చెప్పేదేముంది, నా చేతులు లేచాయి, నడుము వంగింది, కాగితం రెండు కళ్లకూ తాకింది.

ఎదురు గట్టున ఆలుగడ్డ ఓడ మీద ఇద్దరు బైనాక్యులర్లతో మా వైపే చూస్తున్నారన్న సంగతి నాకేం తెలుసు?

పదకొండింటికి ఆలుగడ్డ ఓడ సరుకు వ్యాన్‌లో వేసుకుని వెళితే, నిచ్చెన దగ్గర కాపలావాడు తుపాకీ అడ్డం పెట్టాడు. వాళ్ల ఆఫీసరు దిగివచ్చి నా మొహం చూసి, వీడే అన్నట్టు తల ఊపి, సరుకు వద్దన్నాడు. ఎండలో పెరుగు డబ్బాలు, పుదీనా కట్టలు, నేనూ. అరగంటకల్లా ఫిర్యాదు రేవు ఆఫీసుకు చేరింది. ఎదుటి ఓడ జెండా కింద వంగి, ముద్ర వేసిన పత్రం ఏదో భక్తితో పుచ్చుకున్న మనిషిని తమ ఓడ ఎక్కనివ్వమనీ, అలాంటివాణ్ణి రెండు ఓడలకూ పంపడం రేవుకు మర్యాద కాదనీ దాని సారాంశం. గేటు దగ్గర నా రేవు పాసు తీసేసుకున్నారు. ఆ పాసు లేకపోతే సేఠ్ దుకాణంలో నేను చేసే పని లేదు, పని లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే మళ్లీ జగిత్యాల, నాన్న పక్కన చింతపండు తూకం.

మధ్యాహ్నం అన్నానికి రూమ్‌కు వెళితే, నాకు చిన్నాయన వరసయ్యే ఒక మేస్త్రీ సంగతంతా విని ముద్ద పక్కన పెట్టేశాడు. "అరేయ్, బోణీ గాకుంటె గడియారం ఆగుతదార? దుకాండ్ల జేస్కోవాలె గని, పరాయోని ఓడ మీద, పైన జెండ వెట్టుకోని దండం వెడ్తరార ఎవడన్న?"

"దండం గాదు చిన్నాయనా, కండ్లకద్దుకున్న."

"ఆ బైనాక్లర్లున్నోనికి గిది దండం, గిది అద్దుకునుడు అని రాసిస్తివా?"

నాలుగింటికి సేఠ్‌ను వెంటబెట్టుకుని ముదీర్ ఎదుట నిలబడ్డాను. ఆయన ఒంటి మీద మల్లెపువ్వులా ఉతికిన తెల్లటి అంగీ, తల మీద కుట్టుపని టోపీ. బల్ల మీద అద్దం కింద ఏవో కాగితాలు, అద్దం మీద నా పాసు. మత్రా వాళ్లలో చాలామందికి వచ్చినట్టే ఆయనకూ హిందీ వచ్చు. ఆ కాగితంలో ఏముందని అడిగాడు. ఉల్లిగడ్డ, టమాటా, గుడ్లు, పుదీనా అని వరసగా ఒప్పజెప్పాను. "పుదీనాకు ఎవడైనా దండం పెడతాడా?" అన్నాడు. వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగు జారిపోతుండగా, మా వీధి, మా నాన్న, పొద్దున మొదటి పైస, గల్లాపెట్టె అన్నీ చెప్పుకొచ్చాను. చెబుతున్నకొద్దీ నాకే అది మతిలేని పనిలా వినిపించసాగింది.

ముదీర్ తన జేబులోంచి ఒక నాణెం తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి తాకించుకుని, నా వైపు చూశాడు. వాళ్ల నాన్న ఇదే బజారులో ఖర్జూరాలు అమ్మేవాడట. పొద్దుటి మొదటి బేరాన్ని వాళ్లు ఇస్తిఫ్తాహ్ అంటారట. మొదటి నాణేన్ని అలా నుదుటికి తాకించకుండా ఆయన ఒక్కరోజూ సంచిలో వేయలేదట. సేఠ్ నవ్వాడు, ముదీర్ నవ్వాడు, నేనూ నవ్వబోయాను. ముదీర్ చెయ్యెత్తి ఆపాడు.

"నాకు అర్థమైంది. ఓడకు అర్థం కాదు. ఇదంతా నేను ఉత్తరంలో రాస్తే అది ఇంకో గొడవ. రేపు పొద్దున ఎనిమిదింటికి ఫిర్యాదు చేసిన ఓడ మీదికి వెళ్లి వాళ్ల జాబితా తీసుకో. ఇవాళ ఎదుటి ఓడ మీద ఎంత వంగావో రేపు అక్కడా అంతే వంగు. ఒక వేలు ఎక్కువొద్దు, ఒక వేలు తక్కువొద్దు."

అక్కడితో సలాం కొట్టి బయటపడాల్సింది. కానీ దుకాణాల పుట్టుక కదా, నోరు ఊరుకోలేదు. దొంగ బోణీకి నా చేతులు లేవవని, లేచినా కళ్లు ఒప్పుకోవని, అది నిజంగా రేపటి మొదటి బేరమైతేనే చేయగలనని అన్నాను. పాసు ఆయన బల్ల మీద ఉండగా షరతులు పెడుతున్న నన్ను చూసి సేఠ్ తల పట్టుకున్నాడు. ముదీర్ మాత్రం, అయితే నిజం బోణీయే తీసుకెళ్లు, ఎనిమిది దాకా ఏమీ అమ్మకు అన్నాడు.

చెప్పినంత తేలిక కాదది. దుకాణం మూసి ఉంచుదామంటే, తాతల నాటి నుంచి ఏడింటికి తెరుచుకునే తలుపు తెరుచుకోకపోతే ఓడల గొడవలో సేఠ్ మునిగాడని బజారంతా పాకిపోతుందని సేఠ్ ఒప్పుకోలేదు. కాబట్టి దుకాణం తెరవాలి, అమ్మకూడదు. మర్నాడు ఏడింటికి నిండు బుట్టల మధ్య కూర్చుని, రోడ్డు మీద ఎవరు కనిపించినా మొహం తిప్పుకుంటూ, నా జన్మలో మొదటిసారి గిరాకీ రావద్దని దేవుడికి మొక్కుకున్నాను.

వచ్చింది. రోజూ తెరిచీ తెరవగానే వచ్చే అక్కే వచ్చింది. ప్రొద్దుటూరు పక్క పల్లె మనిషి. బజారు వెనక ఒక అరబ్బు ఇంట్లో వంటపని చేసేది. కొత్తిమీర కట్ట దగ్గర ఆవిడ బేరం చూస్తే, నాకు నేనిచ్చుకున్న బిరుదులన్నీ తిరిగి ఇచ్చేయాలనిపించేది. నిజం చెప్పాలంటే, ఆ ముందురోజు ఒక్కటి తప్ప, ఎన్నో నెలలుగా నా బోణీ ఆవిడదే.

కట్ట చేతిలోకి తీసుకుని నాణెం చాపింది. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఎనిమిది దాటాక రమ్మన్నాను. కాదంటే ఊరికే తీసుకుపొమ్మన్నాను.

"ఊరికే యాల? నేనేమన్నా అడుక్కుండేదాన్నా?" అంది. చాపిన చెయ్యి అలాగే ఉంచి, కాసేపు నా మొహంలోకి చూసింది. గొంతు తగ్గింది. "ఎవురన్నా చెప్పినారా అబ్బీ, నాకు మొగుడు లేడని? ముండమోపిదాని బోణీ వద్దనుకుంటివా?"

ఆవిడ భర్త లేని మనిషన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఏ రేవు ఆఫీసూ, ఏ తుపాకీ నన్ను అంత భయపెట్టలేదు. గబగబా లేచి, స్టూలు వేసి కూర్చోబెట్టి, ఓడ, కాగితం, బైనాక్యులర్లు, పాసు, ఒక వేలు ఎక్కువొద్దు తక్కువొద్దు, అంతా చెప్పాను. నీ చేతి బోణీతో దుకాణం ఎన్ని నెలలుగా నడుస్తోందో సేఠ్‌నే అడుగు అన్నాను. విన్నంతసేపు కొత్తిమీర కట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, చివర్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. నవ్వడం అయిపోగానే కళ్లు తుడుచుకుని బేరంలోకి దిగింది.

"అట్లయితే ఎనిమిది దంకా నా బోణీ నేను ఆపుకోవల్ల. ఆపుకుంటే నాకేమిస్తావు?"

"ఏం గావాలక్కా?"

"ఆ ఓడోళ్లు పెట్టుకుంటారే, టోపీలు. నాకు ఇద్దురు మగపిల్లోళ్లు. రెండు దెచ్చియ్యి."

రెండెక్కడి నుంచి తేను, అది ఓడ గాని సంత గాదన్నాను. ఆవిడ, ఇప్పుడే ఈ నాణెం గల్లాలో పడేస్తానంది. నేను చేతులు జోడించాను. ఆవిడ లేచి గల్లా వైపు ఒక అడుగు వేసింది. చివరికి ఒక్క టోపీకి ఖాయం చేశాను. "వంతులేసుకోమని చెప్పు పిల్లగాండ్లకు," అన్నాను. ఆవిడ గొణుక్కుంటూ సరేనంది. రెండు అడిగినదాన్ని ఒకటికి దింపానని, అంత ఆపదలోనూ నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

ఎనిమిదింటికి ముదీర్ మనిషి వెంట రాగా ఆలుగడ్డ ఓడ నిచ్చెన ఎక్కాను. ఆఫీసరు మొహం గంటు పెట్టుకునే జాబితా చాపాడు. తల పైన జెండా, కాగితం మీద ముద్ర, కింద ఆలుగడ్డ నుంచి అంజూరం దాకా సరుకులు. చేతులు లేవవేమోనని రాత్రంతా పడ్డ బెంగ అనవసరం; ఆ రోజుకు అది నిజమైన మొదటి బేరం గనక అవే లేచాయి. ఎంత వంగాలన్న కొలత మాత్రం నన్ను చంపింది. ముందురోజు ఎంత వంగానో నాకేం గుర్తు, వంగినవాడు తనను తాను చూసుకుంటాడా? కొత్త పెళ్లికొడుకులా సగంలో ఆగి, ఇంకాస్త వంగి, ఎక్కువైందేమోనని కాస్త లేచి, కాగితం కళ్లకద్దుకున్నాను. ఎదురు గట్టున ఉల్లిగడ్డ ఓడ మీద రెండు అద్దాలు తళుక్కుమన్నాయి. ఇటు వైపు నావికులెవరో చప్పట్లు కొట్టారు. ఆఫీసరు మీసాల కింద ఏదో కదిలింది. అదే అదనుగా, ఇంట్లో పిల్లవాడున్నాడని సైగ చేసి, నా నెత్తి చూపించి, టోపీ అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, పక్కనున్న నావికుడి నెత్తి మీదిది తీసి నా చేతిలో పెట్టాడు.

పది దాటకముందే ముదీర్ నా పాసు తిరిగి ఇచ్చాడు. సాయంత్రం దుకాణానికి ఒక పొట్లం వచ్చింది. విప్పితే టోపీ! ఉల్లిగడ్డ ఓడది. ఎదుటివాళ్లు టోపీ ఇవ్వడం బైనాక్యులర్లలో చూసి, తాము తక్కువా అని పంపారన్నమాట. మర్నాడు పొద్దున అక్క రాగానే రెండు టోపీలూ బల్ల మీద పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "నేను ముందే రెండని చెప్తిని గదబ్బీ, ఊరికే గంటసేపు నోరు నొప్పి పెట్టిస్తివి," అని, నాణెం గల్లాలో వేసింది. తీసి కళ్లకద్దుకున్నాను. దాన్ని ఎవరూ కొలవలేదు.

కొన్ని నెలలకు ఊరి నుంచి ఫోటో వచ్చిందని తెచ్చి చూపించింది. నాపరాళ్ల అరుగు మీద ఇద్దరు పిల్లలు, చెవుల దాకా దిగిన రెండు టోపీలు, ఒకడి భుజం మీద ఇంకొకడి చెయ్యి. అడిగి తీసుకెళ్లి ముదీర్‌కు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఈ రెండు టోపీలు ఒకే ఫోటోలో ఉండగా తాను చూడటం ఇదే మొదలన్నాడు. ఒక్క వారం తన దగ్గర ఉంచుకుంటానని బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. ఆ వారం కాస్తా ఏడాదైంది. ఫోటో తిరిగి ఇప్పించమని అక్క రోజూ నన్ను సాధించి, ఆ ఏడాదంతా కొత్తిమీర తన ధరకే పట్టుకుపోయింది.

నేను తిరిగివచ్చి చాలా ఏళ్లయింది. సరుకుల ఓడలు ఇప్పుడు మత్రాకు రావట, వేరే రేవుకు మళ్లించారట. అక్కడికి విహారయాత్రల తెల్లటి ఓడలు వస్తున్నాయట. అక్క కొడుకుల పెళ్లిళ్లకు ముందే ఊరు చేరుకుందని విన్నాను. సేఠ్ లేడు. రాళ్ల మీద పేర్లు ఎండకు వెలిసి ఉంటాయి.

ఇక్కడ నా గల్లా పక్కన డబ్బా కూర్చుని ఉంది. ఎవరొచ్చినా ఒకే గొంతు, ఒకే ఎత్తు. మొదటి గిరాకీ అని దానికి తెలియదు, ఒక వేలు ఎక్కువా పలకదు, తక్కువా పలకదు. ముదీర్ చూస్తే దాన్ని మెచ్చుకుని రేవు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చేవాడు. అక్క మాత్రం స్టూలు లాక్కుని దాని ఎదుట కూర్చుని, అది చెప్పిన ధరకు సగం దగ్గర మొదలుపెట్టేది.